నా చాటలో పడిన కట్టలు

బీడీలు చుట్టడంలో నా చేతికి పోటీ లేదని నాకు గట్టి నమ్మకం ఉండేది. బీర్కూర్‌లో పుట్టి, పదేళ్ళకే చాట ఒళ్ళో పెట్టుకున్నదాన్ని. పెళ్ళయి బాన్సువాడ వచ్చాక కూడా ఆ పొగరు తగ్గలేదు. పందొమ్మిది వందల డెబ్బైల నడుమ, మొదటి బిడ్డ పుట్టాక, అది ఒక్కసారిగా అణిగిపోయింది.

కాన్పు సుఖంగానే జరిగింది. ఆడపిల్ల, ఆరోగ్యంగా ఉంది. నాకే ఏమీ అనిపించలేదు. ఏడిస్తే పాలిచ్చేదాన్ని, తాగడం అవగానే పక్కన పడుకోబెట్టి గోడవైపు తిరిగేదాన్ని. పాప ముఖం చూస్తే ఎవరి పిల్లనో నా దగ్గర వదిలిపోయినట్టుండేది. ఈ మాట ఎవరితో అనగలను? దవాఖానలో నీరసమని చెప్పి బలానికి మందు తెచ్చుకున్నాను. అత్త దిష్టి తీసింది. సలహాలకు మా వాడకట్టులో ఎన్నడూ కొరత లేదు. ఒకరు వేడి చేసిందంటే ఇంకొకరు చలువ చేసిందన్నారు. మూడు నెలలు నిండాక అత్త తేల్చి చెప్పింది, పాపను పిల్లల్లేని మా ఆడబిడ్డ ఇంటికి పంపి అక్కడే పెంచుదామని. నేను కాదనలేదు. కాదనాలని కూడా అనిపించలేదు, అదే నన్ను భయపెట్టింది.

మా వాడలో ఒక అవ్వ ఉండేది. ఆమె వసారాలో ఏ ఇంటి ఆడదైనా చాట పట్టుకొచ్చి కూర్చొని బీడీలు చుట్టుకోవచ్చు. కులం పట్టింపు లేదు, పిలుపు అక్కరలేదు. కట్టుబాటు ఒక్కటే: వచ్చినామెను ఏమైందని అడగకూడదు. ఇంట్లో ఉండలేక నేనూ పాపను తీసుకొని వెళ్ళాను. పాప ఒకరి ఒళ్ళోంచి ఒకరి ఒళ్ళోకి తిరిగేది. నేను ఆకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టబోతూ మధ్యలోనే ఆగిపోయేదాన్ని. కట్టల లెక్కనే కూలి, నాకు రోజుకు ఒక్క కట్టా పూర్తయ్యేది కాదు.

నాలుగో రోజో ఐదో రోజో నా చాటలో చుట్టిన బీడీల కట్ట ఒకటి పడింది. తలెత్తేలోపు ఇంకొకటి. చుట్టూ ఉన్నవాళ్ళు నావైపు చూడకుండానే తలా ఒక కట్ట వేశారు. నాకు ఒళ్ళు మండిపోయింది. నాకు బిచ్చం వేస్తారా అని కట్టలన్నీ తీసి వసారా మధ్యకు విసిరికొట్టాను. ఎవరూ కోప్పడలేదు. అవ్వ వంగి ఒక్కొక్కటే ఏరి మళ్ళీ నా చాటలోనే పెట్టింది.

"గిది బిచ్చం గాదు బిడ్డా. ఈడ ఎవరి చెయ్యి ఆగితే వాళ్ళకు తలా ఓ కట్ట ఏస్తం. పోయినేడు నా పెద్దకొడుకు సచ్చిపోతే నెల దినాలు నాకేసిండ్రు."

ఆ మాటతో నా కోపమంతా ఏడుపైపోయింది. అంతవరకు మొగుడితో కూడా అననిది నోటికొచ్చేసింది. "నా బిడ్డను ఎత్తుకుంటే నాకేం అనిపిస్తలేదవ్వా."

ఛీ కొడతారనుకున్నాను. ఎవరి చెయ్యీ ఆగలేదు.

"నాకు రెండో కాన్పుల గిట్లనే అయింది. ఎవ్వలకు చెప్పలె," అంది అవ్వ.

మూలన కూర్చున్న ఒకామె తనకూ అలాగే అయిందని చెప్పింది. ఆ తర్వాత ఇంకొకామె. లోకంలో ఇలాంటి తల్లిని నేనొక్కదాన్నే అనుకున్న మూర్ఖురాల్ని నేను.

ఆ సాయంత్రం అవ్వ నా వెంట మా ఇంటికొచ్చి, పిల్లను ఎక్కడికీ పంపొద్దని, నేను తేరుకునేదాకా తామంతా చూసుకుంటామని అత్తకు చెప్పింది. అత్త గొణుక్కుంటూనే ఒప్పుకుంది. ఆ చలికాలమంతా నన్నూ పాపనూ మోసింది ఆ వసారాయే. నా బిడ్డను నాకు దక్కించినవాళ్ళు ఆ ఆడవాళ్ళు. వాళ్ళను తలచుకోని రోజు లేదు.

పాపకు ఏడో నెల వచ్చింది. ఒక మధ్యాహ్నం వసారాలో మా పక్కింటామె ఒళ్ళో పాప కూర్చొని, ఆమె ముక్కు పట్టుకొని కిలకిలా నవ్వింది. నాకు చుర్రుమంది. నా బిడ్డ నన్ను చూసి కదా నవ్వాలి! చాట పక్కకు నెట్టి, లేచి వెళ్ళి, ఆమె చేతుల్లోంచి పాపను లాక్కున్నంత పని చేశాను. ఆమె నొచ్చుకోలేదు సరికదా, అవ్వవైపు తిరిగి నవ్వింది.

"అయిపాయె అవ్వా. ఇగ మనకియ్యదు."

ఆ రోజంతా నేను ఎవరికీ ఇవ్వలేదు.