మామ పెళ్ళిరోజే పండిన పురుగులు

మా చిన్నప్పుడు... మదనపల్లెలో మామ పెళ్ళి. సదుం దగ్గర మా ఇంటి ముందు వ్యాను, నిండా బంధువులు. ఇక కదలడమే అనగా మా అమ్మ పట్టుపురుగుల షెడ్డులోకి ఒకసారి తొంగిచూసి, పట్టుచీర కుచ్చెళ్ళు ఎగదోపుకుంది.

"పండినాయి" అంది.

ఈ పురుగుల్ని పెంచని పుణ్యాత్ములకు చిన్న వివరణ... నెల్లాళ్ళూ మల్బరీ ఆకు మేసిన పురుగు ఒకరోజు మేత మానేసి తల పైకెత్తుతుంది. ఒళ్ళు పసుపుగా, అద్దంలా మెరుస్తుంది. అదే పండటం. వెంటనే ఏరి చంద్రికలకు, అంటే గూళ్ళు కట్టుకునే వెదురు తట్టలకు, ఎక్కించాలి. ఆలస్యమైతే పట్టంతా ఆకుల్లోనే కక్కేస్తుంది. ఆ ఎండలకు ఒకరోజు ముందే పండాయి. ముహూర్తం సంగతి వాటికెవరూ చెప్పలేదు మరి...

అమ్మకు మామ ఒక్కడే తమ్ముడు. ఎత్తుకొని పెంచింది. తాళికి మూడోముడి పెళ్ళికొడుకు అక్కే వెయ్యాలి.

మీరు పోండి, నేను చూసుకుంటానని నాన్న గొణిగాడు.

"ఒక్కడివి యాడ ఏరతావు? పొద్దు గూకినా సగం గూడా కావు" అంది అమ్మ.

వ్యాను ఖాళీ అయింది. జరీపంచెలు, కొత్త చీరలు వరుసగా మేత తట్టల ముందు కూర్చున్నాయి. అత్తరు దట్టంగా పూసుకొచ్చిన చిన్నాన్నకు మాత్రం ప్రవేశం లేదు... ఆ వాసన పురుగులకు పడదు. ఆయన్ను గడప బయట చంద్రికలందించే మహత్కార్యానికి నియమించారు.

"మాట్లాడబాకండి. సేతిలో ఉండే పురుగునే సూడండి. పచ్చిదాన్ని ఎక్కిస్తే కింద పడతాది. పండినదాన్ని ఇడిస్తే పట్టు పోతాది" అంది అమ్మ.

అంతే... అందరి తలలూ పురుగుల మీదికి వంగాయి. నాన్న జేబులో ఫోను మోగింది. పెళ్ళిమంటపం నుంచే. ఆగింది, మళ్ళీ మోగింది. మోగినప్పుడల్లా అమ్మ చెయ్యి గాల్లో ఆగేది... తర్వాత మెత్తగా మరో పురుగు మీద వాలేది.

ఆఖరి చంద్రిక నిండగానే పరుగున వెళ్ళాం. మేం చేరేసరికి మంటపంలో తలంబ్రాలు కాళ్ళకు తగులుతున్నాయి. మూడోముడి ఎవరో వరసకు అక్క వేసేసిందట. పెళ్ళికన్నా పురుగులెక్కువయ్యాయా అని వెనక గుసగుసలు. అమ్మ మంటపం మెట్ల దగ్గరే నిలబడిపోయింది. మామ ఆమెను చూశాడు.

ఆలస్యం ఎందుకైందని అడగలేదు మామ.

"పురుగు ఎక్కిందా అక్కా?" అన్నాడు.

"అంతా ఎక్కిందిరా" అంది అమ్మ. అప్పుడు ఏడ్చింది...

అమ్మ పట్టుపురుగుల పంట మానేసి చాలా ఏళ్ళయింది. షెడ్డులో ఇప్పుడు నా బైకు విశ్రాంతి తీసుకుంటుంది. నేనుండే బెంగుళూరులో నా ఫోనులోని ధ్యానం యాప్ రోజూ పొద్దున్నే గంట కొట్టి, ఈ క్షణంలో ఉండమని ఆజ్ఞాపిస్తుంది. నేనూ భక్తిగా కళ్ళు మూసుకుంటాను... మూడో శ్వాసకే ఆఫీసు గుర్తొస్తుంది. అందుకే ఒక చిన్న అలవాటు చేసుకున్నాను. అన్నం తినేటప్పుడు ఫోను పక్కగదిలో పడేసి, చేతిలోని ముద్దనే చూస్తాను. ఒక్కోరోజు సగం పళ్ళెం దాకా నిలబడగలను.

మీ ఇళ్ళల్లోనూ ఇలాంటి పని ఉండేదా... చేతిలోది తప్ప లోకమే కనబడనంత పని? ఉంటే రాయండి. మా ఇంట్లో ఇప్పుడు అందరం ఒకే గదిలో కూర్చుంటాం... ఎవరి చూపు ఎక్కడుందో మాత్రం తెలియదు.