నాన్న వరస కలిపిన గది

మొన్నామధ్య మా మనవరాలు తెనాలిలో మా ఇంటి వరండాలో ఉయ్యాలబల్ల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, తను చేరబోయే యూనివర్సిటీ హాస్టలు గదుల బొమ్మలు ఫోనులో ఒక్కొక్కటే జరుపుతూ నాకు చూపించింది. ఒక మంచం గది, రెండు మంచాల గది, నాలుగు మంచాల గది, వాటిల్లో మళ్ళీ ఏసీ ఉన్నవీ లేనివీ. సినిమాహాల్లో సీటు ఎంచుకున్నట్టు వేలితో నొక్కితే చాలట, మంచం మనదైపోతుందట. ఏది తీసుకుంటున్నావే అని అడిగితే, ఇంకేది అమ్మమ్మా, సింగిలే, ఎవరితోనూ సర్దుకోనక్కర్లేదు, నా తలుపు నేను వేసుకుంటాను అంది. బాగానే ఉందమ్మా అన్నాను గానీ, ఆ ఒంటి మంచం బొమ్మ చూసిన దగ్గర్నుంచీ నా మనసు వెళ్ళి బాపట్లలో కూర్చుంది.

మా రోజుల్లో గది ఎంచుకునేది చదువుకోబోయే పిల్ల కాదు, మీకు తెలియనిదేముంది! మాది రేపల్లె, నాన్నది వ్యవసాయం. నాకు బాపట్లలో డిగ్రీలో సీటు వచ్చినప్పుడు, పిల్లని ఎక్కడ ఉంచాలన్న దాని మీద మా ఇంట్లో పెద్ద పంచాయితీయే నడిచింది. తెనాలిలో ఉన్న మా మేనత్త, నా ఇల్లుండగా హాస్టలేమిట్రా, నా దగ్గరుండి రోజూ రైల్లో వెళ్ళొస్తుంది అని తేల్చి చెప్పేసింది. ఆవిడ నాన్నకి అక్క, తల్లి పోయాక ఆయన్ని చంకనేసుకుని పెంచిన మనిషి, ఆవిడ గీసిన గీత నాన్న ఎప్పుడూ దాటి ఎరగడు. నాకేమో అత్త ఇల్లంటే గుండెల్లో రాయి పడేది. నేను అసలే తలెత్తి మాట్లాడని పిల్లని, ఆ ఇంట్లో పడితే పొద్దున్నే అంట్లు, సాయంత్రం అంట్లు, మధ్యలో కాలేజీలో ఒక మూల బల్ల, అంతే ఇక నా చదువు. ఎలా ధైర్యం వచ్చిందో గానీ నాన్న ఆ ఒక్కసారికీ హాస్టలే అన్నాడు. నోట్లో నాలుక లేని పిల్ల, పదిమందిలో పడితేగానీ దీనికి మాటలు రావు, ఒక నెల చూద్దాం, కుదరకపోతే నీ దగ్గరికే తీసుకొచ్చి దింపుతాను అని వాళ్ళక్కకి మాటిచ్చాడు. అలా నా చదువంతా ఆ ఒక్క నెల మీద ఆగింది.

ఇక్కడ నాన్న గురించి ఒక సంగతి చెప్పాలి. ఆయనకి ఒక జబ్బు ఉండేది, అమ్మ దాన్ని వరసల జబ్బు అనేది. ఎక్కడ కూర్చున్నా పక్కనున్న మనిషితో వరస కలపందే ఆయనకి తిన్నది అరగదు. ముందు ఊరు, తర్వాత ఇంటిపేరు, ఆ తర్వాత ఫలానా వాళ్ళు మీకేమవుతారు అంటూ పోయి పోయి, ఎక్కడో ఒకచోట ఒక మేనమామనో ఒక పినతండ్రినో పట్టేసేవాడు. రేపల్లె పాసింజరులో ఆయన పక్కన కూర్చుంటే భట్టిప్రోలు దాటేసరికి నాకొక బాబాయి, వేమూరు వచ్చేసరికి ఒక పెద్దనాన్న తయారయ్యేవారు. తెనాలిలో రైలు దిగాక వాళ్ళని మళ్ళీ జన్మలో చూసేది లేదు, అయినా ఉత్తరాలు రాసుకునే చుట్టాల్లా చేతులు పట్టుకుని వీడ్కోళ్ళు చెప్పుకునేవాళ్ళు. నేను సిగ్గుతో కిటికీలోంచి బయటకి చూస్తూ కూర్చునేదాన్ని.

హాస్టల్లో చేరిన రోజున, ముందొచ్చినవాళ్ళకి గది ఎంచుకునే వీలిచ్చారు. వెనకవైపు చివర ప్రశాంతమైన చిన్న గది ఒకటి ఉంది, నా కళ్ళు దాని మీదే ఉన్నాయి. నాన్న మాత్రం కుళాయి పక్కన, అందరూ బిందెలూ బకెట్లతో తొక్కుకుంటూ తిరిగే చోట, నాలుగు ఇనప మంచాల గదే కావాలన్నాడు. సముద్రపు గాలికి కిటికీ ఊచలు తుప్పు పట్టి, పట్టుకుంటే చేతికి ఎర్రగా అంటుకునేవి. మేము ట్రంకుపెట్టె దింపేసరికి అక్కడ తెల్లటి పంచె, లాల్చీ వేసుకున్న ఒకాయన భార్యతో కలిసి కూతురికి పరుపు వేస్తున్నాడు. ఇంకేముంది, నాన్న అక్కడే చతికిలబడ్డాడు.

"మీదేవూరండి?"

"చీరాల అవతల పల్లెటూరండి. స్కూలు మాస్టర్నండి."

"ఇంటిపేరేంటండి?"

ఆయన చెప్పాడు. అది అచ్చంగా మా అమ్మ పుట్టింటి ఇంటిపేరు. నాన్న ఒక్క ఉదుటున లేచి నిలబడ్డాడు.

"ఓరి మీ ఇల్లు బంగారంగానూ! మా ఆవిడ పుట్టింటివాళ్ళదీ అదేనండి, అమృతలూరు! అయితే మీరు నాకు సాక్షాత్తూ బావగారు!"

ఆ మాస్టారు ఇబ్బందిగా భార్య వైపు చూసి, అది కాదండీ, మేము... అని ఏదో చెప్పబోయాడు. నాన్న వింటేనా! ఇంక మీరేం మాట్లాడకండి బావగారూ, పిల్లలిద్దరూ ఒక్క గదిలోనే పడ్డారు, నా బెంగ తీరిపోయింది, ఉండండి టిఫిను పట్టుకొస్తాను అంటూ బయటకి పరిగెత్తాడు. ఒకే ఇంటిపేరు ఎన్ని రకాల వాళ్ళకి ఉంటుందో మన జిల్లాల వాళ్ళకి ఒకరు చెప్పాలా? నాన్నకీ తెలుసు. వరస దొరికిన సంబరంలో ఆ తెలివి కాస్తా కొట్టుకుపోయింది.

ఆయన ఇడ్లీ పొట్లాలతో తిరిగొచ్చేసరికి, మాస్టారూ, ఆయన భార్యా కూతురి మంచం చుట్టూ నిలబడి, తలలు వంచి, కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంటున్నారు. ఆ తల్లి చెయ్యి పిల్ల తల మీద ఉంది. మాస్టారు మెల్లగా, పిల్లని ఈ కొత్త చోట నీ చేతుల్లో పెడుతున్నాం ప్రభువా అంటున్నాడు. నేను గోడకి అంటుకుపోయి నాన్న మొహంలోకి చూశాను. ఆయనకి అర్థమైంది. అర్థమవడం నా కళ్ళారా చూశాను, ఒక్క క్షణం మొహంలో నెత్తురు లేదు. మా ఇళ్ళల్లో అప్పట్లో ఎవరు ఎంతవరకు రావచ్చో, ఎవరి లోటాలో ఎవరు నీళ్ళు తాగకూడదో మన తరంవాళ్ళకి నేను విడమరచి చెప్పక్కర్లేదు. నాన్న గుమ్మం దగ్గర చెప్పులు విడిచాడు. దేవుడి ముందు తీసినట్టు భుజం మీది కండువా తీసి చేత్తో పట్టుకున్నాడు. ప్రార్థన అయ్యేదాకా కదలకుండా నిలబడ్డాడు. వాళ్ళు కళ్ళు తెరిచి ఆయన్ని చూసి గతుక్కుమన్నారు.

"ఇడ్లీలు చల్లారిపోతున్నాయి బావగారూ, రండి," అన్నాడు నాన్న.

ఆ మాస్టారి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సాయంత్రం బండి టైముకి లేచి, చాలాసేపు తటపటాయించి, వెళ్ళొస్తానండి బావగారూ అన్నాడు. పెద్దవాళ్ళు వెళ్ళిపోయాక ఆ పిల్ల నా మంచం మీదకొచ్చి కూర్చుని, నాకంటే నాలుగు నెలలు పెద్దదని లెక్క తేల్చుకుని, అయితే నేను నీకేమవుతానే అని కళ్ళెగరేసింది. వదినవి అన్నాను. ఆ హాస్టల్లో నేను పలికిన మొదటి మాట అదే, చెబితే నమ్మరు.

వదిన నోరు నాన్న నోటికి తీసిపోయేది కాదు. మెస్సులో నన్ను రెక్క పట్టుకుని తిప్పి, ఇదిగో మా మరదలు, రేపల్లె నుంచి దిగుమతి, కొంచెం మొద్దు గానీ మంచిది అని అందరికీ చూపించింది. ఇక అక్కడ మొదలైంది తమాషా. వదిన ఎవర్నైనా అక్కా అంటే ఆవిడ నాకూ వదినే, నేను ఎవర్నైనా పిన్నీ అంటే ఆవిడ వదినకి అత్తే. నెల తిరక్కుండా మా వరండా వరండా అంతా చుట్టాలైపోయాం. వార్డెనమ్మ కూడా, ఆవిడ చాటున, మా అందరికీ పెద్దమ్మ అయిపోయింది. తలెత్తని పిల్లని నేను, నా నవ్వు కుళాయి దాకా వినిపిస్తోందని ఆ పెద్దమ్మ చేతే తిట్లు తిన్నాను.

సరిగ్గా అప్పుడే సున్నుండల డబ్బా పట్టుకుని మా అత్త నన్ను చూడటానికొచ్చింది. వదిన పేరు అడిగింది. పేరు విని, బల్ల మీదున్న ప్రార్థన పాటల పుస్తకం చూసి, మంచినీళ్ళయినా తాగకుండా తిరుగు రైలెక్కేసింది. ఆ ఆదివారం నాన్నకీ నాకూ తెనాలి నుంచి పిలుపొచ్చింది.

అత్త పడక్కుర్చీలో కూర్చుంది, నాన్న ఆవిడ ఎదురుగా పీట మీద. నేను తలుపు చాటున. గదన్నా మార్పించు, పిల్లనన్నా తెచ్చి నా ఇంట్లో దింపు, నెలన్నావు, నెలయింది అంది అత్త. బంధువుల్లో మొహమెలా ఎత్తుకుంటావంది, రేపు దీనికి సంబంధాలెలా వస్తాయంది. నాన్న తల వంచుకుని కండువా అంచు చుడుతూ విప్పుతూ ఉన్నాడు. నాకు ఆయన సంగతి తెలుసు, ఇంకాసేపట్లో నీ ఇష్టం అక్కా అనేస్తాడు. నా పెట్టె సర్దుకోవడం, కుళాయి పక్క గదిలో వదిన ఒంటరిగా నిలబడిపోవడం అప్పుడే నా కళ్ళకి కట్టాయి. లోపల్లోపల ఏడుస్తున్నాను.

"పిలిచేశాను గదా అక్కా," అన్నాడు నాన్న.

"ఏం పిలిచావురా?"

"బావగారూ అని. పిలిచేశాను గదా, ఇంకేం చేస్తాం?"

"తెలీక పిలిచావు!"

"మొదటిసారి తెలీకే పిలిచాను. రెండోసారి తెలిసే పిలిచాను."

అత్త పడక్కుర్చీలోంచి లేచి లోపలికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆవిడ చాన్నాళ్ళు నాన్నతో మాట్లాడలేదు, నాన్న అన్నం సహించక చిక్కిపోయాడు, గది మాత్రం మార్చలేదు. నేను ఆ గదిలోనే చదువు పూర్తి చేశాను.

నాన్న ఒక్కడూ పిలిచినంత మాత్రాన లోకం మారిపోయిందని చెప్పను. సెలవుల్లో వదిన మా ఇంటికి రేపల్లె వచ్చినప్పుడు అమ్మ చాలా మథనపడింది. కంచంలో పెడితే ఇరుగుపొరుగు ఏమంటారో, వేరే పెడితే పిల్ల మనసు ఏమవుతుందో అని, ఆ మామూలు రోజున ఇంటిల్లిపాదికీ విస్తళ్ళు వేసేసింది. ఇవాళ ఏం పండగే అని నాన్న అడిగితే కసిరింది. వదిన ఏమీ ఎరగనట్టు రెండోసారి పప్పు అడిగి వేయించుకుంది. ఏళ్ళు గడిచాక, పేరాలలో టీచరుగా స్థిరపడ్డాక, ఒకసారి మా ఇంట్లో కంచం ముందు కూర్చుని, మీ అమ్మ పాపం నా ఒక్కదాని కోసం ఆ రోజు అందరికీ ఆకులేసిందే అని నవ్వింది. ఆ నవ్వులో కొంచెం నొప్పి కూడా ఉంది. నేను దాని చెయ్యి పట్టుకున్నాను, అంతకంటే ఏం చెయ్యాలో నాకు తెలియలేదు.

వదిన నిరుడు పోయింది. పేరాలలో సమాధుల తోట దగ్గర షామియానా కింద జనం కిక్కిరిసి ఉన్నారు. నేను వెనక ఎక్కడో నిలబడితే, కుర్చీలు సర్దుతున్న అబ్బాయి ఒకతను, ముందువరస బంధువులకండి, తమరు ఆవిడకి ఏమవుతారండి అని మర్యాదగా అడిగాడు. ఏమవుతాను? ముందువరసలోంచి వదిన కూతురు వెనక్కి తిరిగి, ఏడుపు గొంతుతోనే, ఆవిడ మా రేపల్లె అత్తయ్య, ఇలా పంపించండి అంది. ఆ పిల్ల పక్కన కూర్చుని నేను వదిన కోసం ఏడ్చానో, నాన్న కోసం ఏడ్చానో ఇప్పటికీ తెలియదు.

ఇదంతా మనవరాలికి చెప్పాను. విన్నది, కళ్ళు తుడుచుకుంది, సింగిల్ గదే తీసుకుంది. నాకేం కోపం లేదు. దాని కాలం వేరు, దాని తలుపు దాని ఇష్టం.

చేర్పించే రోజున నేనూ వెళ్ళాను. కారెక్కే ముందే మా అమ్మాయి, అమ్మా, అక్కడ ఎవర్నీ ఇంటిపేర్లు అడక్కు, కులం కనుక్కుంటున్నారనుకుంటారు అని హెచ్చరించింది. నిజమే, ఇప్పుడు ఇంటిపేరు అడిగేది అందుకే. ఆ మాటకొస్తే నాన్న రోజుల్లోనూ చాలామంది అడిగింది అందుకే, ఆయన ఒక్కడే చుట్టరికం కలుపుకోవడానికి అడిగాడేమో. హాస్టలు కింద హాల్లో తల్లిదండ్రులంతా చక్రాల పెట్టెల పక్కన నిలబడి ఎవరి ఫోను వాళ్ళు చూసుకుంటున్నారు. ఉండబట్టలేక పక్కావిడని మీదేవూరమ్మా అని అడిగాను. హైదరాబాదండి అంది. అసలు ఊరు అన్నాను. అదేనండి అని నవ్వేసి పెట్టె లాక్కుంటూ వెళ్ళిపోయింది. అంత సందడిలోనూ ఒక మనిషికి ఇంకో మనిషి ఏమీ కాకపోవడం నాకు దిగులనిపించింది.

పైన గది అద్దంలా ఉంది. ఒక మంచం, ఒక బల్ల, ఒక కుర్చీ. మంచం మీద కాసేపు కూర్చుని, మనవరాలి తల నిమిరి లేచాను. మేము బయటకొస్తుంటే పక్కగది తలుపు కొద్దిగా తెరుచుకుని ఒక పిల్ల తల బయటపెట్టింది. నేను నాన్న బుద్ధి చూపించకముందే నోరు నొక్కుకుని, ఊరూ పేరూ ఏమీ అడక్కుండా తల మాత్రం ఊపాను. ఆ పిల్ల నన్నూ, మనవరాలినీ మార్చి మార్చి చూసి, బిడియంగా, వెళ్ళొస్తారా అమ్మమ్మా అంది.

మా అమ్మాయి లిఫ్టు దగ్గర నిలబడి తొందరపెడుతోంది. నేను మనవరాలి చెవి దగ్గరగా వంగి, అదిగో, పిలిచేసింది గదే, ఇంకేం చేస్తావు అన్నాను.