చిన్నాలమ్మ తెచ్చిన వాటా

పక్కింటివాళ్ళు పొద్దున్నే వాకిట్లో పేడనీళ్ళు చల్లితే, ఆ పచ్చివాసనకు నాకు చింతపల్లి కొండలు గుర్తుకొస్తాయి. తెల్లదొరల మీద కొండవాళ్ళు తిరగబడిన పితూరీ రోజులవి. మావారు అక్కడ పోలీసు ఇన్‌స్పెక్టరు. విల్లు పట్టిన ప్రతి మనిషీ మా వాళ్ళకు పితూరీదారుగానే కనబడేవాడు. ఇంట్లో నాన్నగారి దగ్గర బైబిలు చూసి చదువు నేర్చుకున్న నాకు కొండ సంగతులేవీ తెలియవు. నీళ్ళు మోసిపెట్టే చిన్నాలమ్మే అన్నీ నేర్పింది. "దేవుడు నిన్ను చల్లగా చూడాలి" అని నేనంటే, "సూత్తాడు గానీ, ముందు నువ్వా పొయ్యి సూడమ్మా, ఆరిపోతంది" అనేది.

చైత్రమాసంలో ఒకనాడు తెల్లవారగానే, ఎదురు కొండమీద ముప్పయిమంది దాకా మగవాళ్ళు విల్లంబులతో ఎక్కిపోవడం చూశాను. వెంటనే మావారికి చెప్పాను. ఆయన ఇంకేమీ అడగలేదు. వాళ్ళు దిగివచ్చే దారిలో, పొదల చాటున కానిస్టేబుళ్ళతో కాపు వేశారు.

మధ్యాహ్నం చిన్నాలమ్మ మా పెరట్లో పేడ ఎత్తుకుంటోంది. ఎందుకని అడిగాను.

"ఇటికల పండగ కదమ్మా. మగోళ్ళు ఏటకెల్లారు. నా కొడుకులిద్దరూ ఎల్లారు. ఉత్తసేతుల్తో వత్తే పేడనీళ్ళు పోసి తిడతాం."

"ఆ దారిలో పోలీసులున్నారు" అన్నాను. ఎందుకున్నారో చెప్పలేదు.

ఆమె పేడనీళ్ళ కుండ ఎత్తుకుంది. "మరేటి సూత్తన్నావు, బేగి నడు. నువ్వు సెబితే దొర ఇంటాడు."

మేము చేరేసరికి ఊరి ఆడవాళ్ళు పండగ ఆనవాయితీ ప్రకారం వేటగాళ్ళను ఆపడానికి దారికడ్డంగా కర్ర పట్టుకుని నిలబడ్డారు. వేటగాళ్ళు దిగుతున్నారు. పొదల్లో తుపాకులు లేచాయి. నేను వెళ్ళి ఆడవాళ్ళ మధ్య నిలబడి, "ఏమండీ, ఇది వాళ్ళ వేట పండగట" అన్నాను.

"పక్కకు తప్పుకో" అన్నారాయన పొదల్లోంచి బయటికి వచ్చి.

నేను కదలలేదు. చిన్నాలమ్మ మాత్రం తుపాకుల వైపు చూడనైనా చూడకుండా, ముందు వస్తున్న పెద్దకొడుకు నెత్తిన పేడనీళ్ళు కుమ్మరించింది. "పందిని కొడతానని ఎల్లి పిట్టనైనా కొట్నేదేటిరా? ఎల్లి నీ పెళ్ళాం కొంగు సాటున కూకో." ఆడవాళ్ళు విరగబడి నవ్వారు. మిగిలిన నీళ్ళు ఆమె తెచ్చి మావారి బూట్ల మీద పోసింది.

"పొద్దున్నించి పొంచున్నావు దొరా. నీ సేతిలోనూ ఏటీ నేదు."

ఆయన తడిసిన బూట్ల వైపు చూసుకున్నారు. తరువాత కానిస్టేబుళ్ళతో, "తుపాకులు దించండి" అన్నారు.

వెనక వచ్చినవాళ్ళు ఒక పందిని కొట్టి తెచ్చారు. మర్నాడు చిన్నాలమ్మ అడ్డాకులో మాంసం కట్టి తెచ్చింది. "నువ్వు రాబట్టి నా కొడుకులు బతికారమ్మా. ఇది నీ వాటా. ముదురుది, బాగా ఉడకనియ్యి."

వాళ్ళను చూసి చెప్పింది నేనేనన్న మాట నాలుక దాకా వచ్చింది. ఆకుపొట్లం అందుకుని లోపలికి వెళ్ళాను. వానలు పడ్డాక మాకు బదిలీ అయింది. ఘాటీ మలుపు దాకా ఆమె మా బండి వెంట నడిచింది. అప్పుడూ చెప్పలేదు. ఎవరు గుక్కెడు నీళ్ళిచ్చినా దేవుడి ముందు వాళ్ళ పేరు తలుచుకుంటాను. చిన్నాలమ్మ పేరు రోజూ తలుస్తాను. ఆమె నాకు చెప్పుకున్న కృతజ్ఞత మాత్రం నాది కాదు; తిరిగి ఇచ్చే దారి లేక ఇన్నేళ్ళూ నా దగ్గరే ఉండిపోయింది.