నిలబడితే పడవ, నడిస్తే వంతెన

ముందు నాగులమ్మ మెడ గురించి చెప్పాలి. మైపాడు రేవు నుంచి నెల్లూరు బస్సుకు చేపల గంపలు మోసి మోసి ఆ మెడ ఇనపస్తంభమైంది. ఒకసారి బస్సు టైరు పంక్చరైతే, జాకీ లేదని ఆమె ఆ బస్సును నెత్తిమీద ఎత్తి పట్టిందంటే నా మనవరాలు నమ్మదు. ఈ కథయినా నమ్మాలి మరి, ఊరంతా సాక్ష్యం.

మా పల్లెకూ అవతలి పల్లెకూ మధ్య ఉప్పుటేరు ఉంది. అవతలి పల్లె పోలేరమ్మకు పుట్టిల్లు. ఏటా కొలుపు జాతరలో ఒక ఇంటి ఆడమనిషి అమ్మవారి ఘటం నెత్తిన పెట్టుకుని అక్కడికి నడిచి వెళ్లాలి. అమ్మ పడవ ఎక్కదు. ఘటం ఎత్తాక దారిలో దించకూడదు, అడుగు ఆపకూడదు. ఒక్కో ఇంటికి ఆ వంతు తరానికోసారి వస్తుంది. నాగులమ్మ అత్త వంతు కోసం చూసి చూసి కన్నుమూసింది. తీరా నాగులమ్మ వంతు వచ్చిన ఏడే తుఫానుకు పాత కొయ్యవంతెన కొట్టుకుపోయింది. కొత్త వంతెనకు స్తంభాలు లేచాయి గాని స్లాబు పడలేదు. ఘటం కదలకపోతే వంతు పక్కింటికి వెళ్లిపోతుంది.

"ఈ ఏడు మానేద్దాం నాగులా" అన్నాడు ఊరిపెద్ద ముత్యాలయ్య.

"నువ్వు మీసం మానెయ్ మామా. నేను మాత్రం మానను. పడవలు పక్కపక్కన కట్టి పైన పలకలు పరిస్తే నడిచిపోనా?"

"అమ్మ పడవెక్కదు గదమ్మే!"

"నిలబడితే పడవ. నడిస్తే వంతెన. తప్పు యాడుండాది?"

ముత్యాలయ్య మీసం సవరించుకున్నాడు. పడవలవాళ్లకు కబురు పెట్టాడు.

ఆమె మరిది చిన్నపోలయ్య ఏటి వెడల్పుకు సరిపడా ఫైబర్ పడవలు ఏరి, ఒడ్డు నుంచి ఒడ్డుకు లావుపాటి తాడు లాగి, వాటిని వరసగా కట్టించాడు. తాడు వీణతీగలా బిగిసింది. మిగిలిన పడవలవాళ్లు ఇసకలో కూర్చుని గొడవకు దిగారు. "మా పడవల్ని అమ్మ తొక్కకూడదా? మేము చందా ఇయ్యలేదా?" ఆ తగవులో పొద్దెక్కింది, పోటు మొదలైంది. డప్పులు మోగాయి, నాగులమ్మ ఘటం ఎత్తుకుంది. సరిగ్గా అప్పుడే సముద్రపు నీళ్లు తోసుకొచ్చి తాడు ఫట్టుమని తెగింది. పడవలు తలోదిక్కూ పోయాయి.

కాన్వెంటులో మా సిస్టరు చెప్పేది. పూర్వం ఒక పారశీక రాజు సముద్రపు పాయ మీద పడవల వంతెన కట్టిస్తే గాలివానకు తెగిందట. ఆయన కోపమొచ్చి నీళ్లను కొరడాలతో కొట్టించాడట. నాగులమ్మ నీళ్లనేమీ అనలేదు. ఘటం దించకూడదు, అడుగు ఆపకూడదు గనక ఒడ్డునే గుండ్రంగా తిరుగుతూ మగవాళ్లను ఉతికేసింది.

"రేయ్ చిన్నపోలా, పల్లెలో ఉండే పడవలన్నీ తీసుకొచ్చి కట్టు! ఒక్కటి మిగిలినా నేను కాలు పెట్టను!"

"అన్నీ కడితే ఏటికంటే వంతెనే పొడుగైపోద్ది వదినా!"

"కానీరా, కట్టు!"

అలిగినవాళ్లు ఎగిరి నీళ్లలో దూకారు. పారిపోయిన పడవల్ని ఈడ్చుకొచ్చారు. తాడుకు తాడు ముడేసి పెంచారు. అన్నీ కట్టేసరికి వంతెన ఏటిలో ఇమడక, పోటు తోసినవైపు పొట్టలా వంగింది.

"వంకరగా ఉండాదే!" అన్నాడు ముత్యాలయ్య.

వంకరే కాపాడింది. బట్టలారేసే తాడును బిగించి కడితే తడిచీర బరువుకు తెగుతుంది. కాస్త వదులిస్తే కిందికి సాగి అదే బరువును మోస్తుంది. పెద్దపెద్ద నదుల మీద వేలాడే వంతెనల తాళ్లకు ఇంజనీర్లు అంత వంపు ఉంచేది అందుకే. మా పల్లెలో ఆ వంపు తెచ్చింది అలక.

నాగులమ్మ నడిచింది. పలకలు ఊగాయి, ఘటం ఊగలేదు. ఏటిలో చేపలు ఈదడం మానేసి తలలెత్తి చూశాయి. కావాలంటే వాటినే అడగండి. ప్రతి పడవ దగ్గరా దాని యజమాని మెడలోతు నీళ్లలో నిలబడి, ఆమె పాదం తన పలక మీద పడగానే కేక పెట్టాడు. ఒడ్డు అందేసరికి రెండు పల్లెలూ ఒకటే అరుపు.

అవతలివాళ్లు పసుపునీళ్లతో ఆమె కాళ్లు కడిగి ఘటం దించారు. అత్తను తలుచుకుందేమో, కళ్లు తుడుచుకుంది.

"వంతెన లేకుండా ఎట్టా వచ్చినావు అక్కా?" అని అప్పుడే ఇంట్లోంచి పరుగెత్తుకొచ్చిన ఒకామె ఆశ్చర్యపోయింది.

నాగులమ్మ ఇనపమెడ ఇంకాస్త నిటారైంది.

"నడిచొచ్చినా."