నీటిగుంటకు ఎరువు వేసిన ఎండాకాలం

మా చీనీ తోటలో, అంటే బత్తాయి తోటలో, నాకు గిట్టని పని ఒకటే. డ్రిప్పు పక్కనుండే డ్రమ్ములో ఎరువు కలిపి, కొంచెం కొంచెంగా పైపుల్లోకి వదలడం. రోజూ కలపాలి, రోజూ దగ్గరుండాలి. ఏడో తరగతిలోనే బడి మానేసినవాణ్ణి. నేను మానేశానని బడి బాధపడినట్టూ లేదు. తెలివికి బడితో పనేముందని అప్పట్లో నా నమ్మకం.

అందుకే ఆ ఎండాకాలం, కోయిలకుంట్లలో కొని తెచ్చిన ఒక మూట డీఏపీ, ఒక మూట యూరియా నేరుగా నీటిగుంటలో కుమ్మరించాను. ప్లాస్టిక్ పట్టా పరిచిన గుంట అది. మా బోరు సన్నగా పోస్తుంది కాబట్టి నీళ్లు అందులో నిలవచేసి డ్రిప్పుకు వదులుతాం. నీళ్లు ఎటు పోతే ఎరువూ అటే పోతుంది కదా. ఇంత సులువైన ఉపాయం ఇన్నాళ్లూ ఎవరికీ తట్టనందుకు ఊరి మీద జాలి కూడా వేసింది.

వారం తిరిగేసరికి గుంట పచ్చబడింది. నేను మురిసిపోయి నా భార్యను పిలుచుకొచ్చాను.

"సూడు, నీళ్లకే బలం వచ్చినాది."

ఆమె చేయి ముంచి, జుట్టులా వేలాడే పాచిని పైకి తీసింది. "నీళ్లకు బలం వచ్చినాది సరే. చెట్లకు నీళ్లు వస్తాండాయా?"

రావడం లేదు. చివరి వరసల్లో డ్రిప్పర్లు పాచి జిగురుతో మూసుకుపోయాయి. పిందెలు గోలీలంత ఉన్నాయి, ఆకులు ముడుచుకుంటున్నాయి. ఎనిమిదేళ్లు పెంచిన చెట్లు.

పైపులు బాగుచేసే భాయ్‌ని పిలిపించాను. గుంట చూసి ఆయన గడ్డం గోక్కున్నాడు.

"ఏమప్పా, పాచి సాగు చేస్తాండావా?"

"డీఏపీ, యూరియా ఏసినా భాయ్."

"యాడ?"

గుంట వైపు చూపించాను.

"చెట్టుకైనా పాచికైనా తిండి ఒకటేనప్పా. నిలిచిన నీళ్లుండాయి, ఎండ ఉండాది, దానికి తక్కువైంది నీ ఎరువే. అదీ పెట్టేస్తివి. విస్తరి ముందర కూర్చున్నోడు తినకుండా చెట్టుకు పంపిస్తాడా?"

గుంట ఖాళీ చేసి కడగమన్నాడు. నా భార్య ఒప్పుకోలేదు. "బోరు పోసేది దారమంత. ఇది పారబోస్తే, మళ్లా నిండేలోగా చెట్లుండవు."

భాయ్ చెట్ల పాదుల వైపు చూశాడు. "అట్లయితే డ్రిప్పు ఇడిసిపెట్టక్కా. పెద్ద పైపుతో పాదులకే నీళ్లు పెట్టండి. పాచి పాదులో పడి కుళ్లితే అదీ ఎరువే."

నాలుగు రోజులు ఇద్దరం పైపు లాక్కుంటూ పాదు పాదుకూ నీళ్లు పెట్టాం. ఆ వాసనకు మా కుక్క కూడా నన్ను చూసి పక్కకు జరిగేది.

చివరి వరసల్లో పిందెలు సగం రాలిపోయాయి. ఐదో రోజు పొద్దున చూస్తే ఆకులు విచ్చుకుని ఉన్నాయి. నా భార్య ఒక ఆకును వేళ్ల మధ్య నిమిరి, "బతికినాయిలే" అంది.

నాకు ధైర్యం వచ్చింది. "గుంట కడిగేదానికి నాకొక ఉపాయం..." అని మొదలుపెట్టాను.

"గుంట కడిగే పొద్దు నువ్వు గట్టు మీద కూర్చో" అంది ఆకు వదలకుండానే. "ఏం చేయొద్దు. అదే శానా సాయం."