బిచ్చయ్య దొంగజేబు

నాంపల్లి స్టేషన్ దగ్గర స్కూలు బట్టలు కుట్టే బిచ్చయ్యకు ఒక్కటే పిచ్చి. అడిగినా అడగకపోయినా ఆడపిల్లల గౌనుకు లోపలివైపు దొంగజేబు కుడతాడు. కాలరైనా మరిచిపోతాడు గాని జేబు మరవడు. ఒకావిడ జేబు ఊడదీయించుకుని బయల్దేరితే, ఆబిడ్స్ దాకా వెంటబడి, "గుండీ తక్కువైంది" అని గౌను లాక్కొచ్చి మళ్ళీ కుట్టాడట.

కూతురి గౌను తీసుకోడానికి వచ్చిన సుష్మకు ఒళ్ళు మండింది.

"మా మేఘన మూడో తరగతండీ! జేబెందుకు, చాక్లెట్లు దాచుకోడానికా?"

"ఉండనీయ్ మేడం. జేబుకేమన్న బువ్వ వెట్టాల్నా?"

"లోపల గుడ్డ కూడా మడిచిపెట్టారు!"

"గది గుడ ఉండనీయ్. గదేమన్న బువ్వ అడుగుతదా?"

వెనక గుండీలు కుడుతున్న అతని చెల్లెలు నర్మద తలెత్తలేదు. చాదస్తానికి మందు లేదనుకుని, ఇంటికెళ్ళి విప్పేద్దామనుకుంది సుష్మ. బద్ధకించింది. ఆ బద్ధకానికి ఇప్పటికీ దండం పెట్టుకుంటుంది.

ఆగస్టులో ఒకరోజు మేఘన బడినుంచి వచ్చి గుసగుసగా చెప్పింది. "అమ్మా, దెబ్బ తగల్లేదు గాని రక్తమొచ్చింది. చచ్చిపోతాననుకున్నా. జేబులో ఉన్న గుడ్డ తీసి పెట్టుకున్నా. ఎవరికీ తెలీదు."

పిల్లకు ఎనిమిదేళ్ళు. ఇంకా పాలపళ్ళు ఊడుతున్నాయి. సుష్మ పెద్దమనిషైంది పద్నాలుగో ఏట, ఆమె నాయనమ్మ పదహారో ఏట. ఏడుపు ఆపుకుంటూ దవాఖానకు తీసుకెళ్ళింది. "ఇలాంటి పిల్లలు ఈమధ్య ఎక్కువగానే వస్తున్నారు. కొన్నేళ్ళు ఆపడానికి మందుంది, భయపడకండి" అంది డాక్టరమ్మ. మర్నాడు మేఘన మామూలుగానే బడికి వెళ్ళింది.

సుష్మ కొట్టుకు వెళ్ళేసరికి బిచ్చయ్య లేడు, దారం కోసం కోఠి వెళ్ళాడు. సంగతి విని నర్మద సూది పక్కన పెట్టింది.

"నాకు తొమ్మిదో తరగతిల గౌను ఖరాబైంది మేడం. మా అన్న కుట్టిన గౌనే. క్లాసంత నవ్విన్రు. మల్ల బడికి పోలేదు. గప్పటిసంది తొమ్మిదోళ్ళ గౌన్లకు జేబు వెట్టిండు. తల్లులొచ్చి మా పిల్లకు ఇంకా ముందే అయిందని చెప్పినకొద్ది ఏడుకు దించిండు, ఐదుకు దించిండు, పోయినేడు మూడుకు. దించిన దినం బువ్వ ముట్టడు."

ఇంతలో బిచ్చయ్య వచ్చి అన్నానికి కూర్చున్నాడు. సుష్మ చెప్పింది.

"ఎనిమిదేండ్లకేనా?" అన్నాడు. తెరిచిన టిఫిన్ డబ్బా మూసేశాడు. కుప్పలోంచి రెండో తరగతి గౌను లాగి జేబు కుట్టడం మొదలుపెట్టాడు.

ఆ గౌను కోసం నిలబడ్డావిడ గయ్యిమంది. "రెండో తరగతి పిల్లకు జేబేందయ్యా?"

బిచ్చయ్య నోరు తెరిచేలోపే సుష్మ అందుకుంది. "ఉండనివ్వండమ్మా. జేబుకేమన్నా అన్నం పెట్టాలా?"

తర్వాత టిఫిన్ డబ్బా మూత తీసి అతని ముందుకు తోసింది.

"జేబుకక్కర్లేదు గాని, మీకు కావాలి. తినండి."