నిచ్చెన గుర్తు, గొడుగు గుర్తు, నా పెళ్ళి

మొన్న ఓట్ల లెక్కింపు రోజున విమానాశ్రయం పక్కన లంబాలైన్‌లో మా అబ్బాయి ఇంట్లో టీవీ ముందు కూర్చున్నాం. ఎవరు ముందున్నారో ఆ టీవీ అమ్మాయి చెప్పబోతుండగా మద్రాసు విమానం మా రేకుల మీదుగా లేచింది. లంబాలైన్‌లో విమానం లేచేటప్పుడు నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఆగిపోవాలి, ఏం మాట్లాడినా వినపడదు. ఆ హోరు తగ్గేసరికి ఢిల్లీ సంగతి, మా అండమాన్ దీవుల సీటు సంగతి, అవతల ఆంధ్రలో మా నాన్న పుట్టిన ఊరి సీటు సంగతి మూడూ తేలిపోయి, గెలిచినవాళ్ళు దండలు వేయించుకుంటున్నారు. కోడలు పొయ్యి మీద పెట్టిన టీ ఇంకా మరగనేలేదు. మనసారా తిట్టుకోవడానికైనా వ్యవధి లేకపోతే అవేం ఎన్నికలు అనిపించింది నాకు. నా వయసువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, మన రోజుల్లో ఒక్క సీటు ఫలితం తెలిసేలోపల చుట్టరికాలు తెగిపోయేవి. మా ఇంట్లో అయితే ఒక పెళ్ళి ఆగిపోయేంత పని అయింది. ఆ పెళ్ళి నాదే. ఇది రాస్తున్నానని తెలిసి మా ఆయన, కాస్త తగ్గించి రాయమన్నారు. తగ్గించే రాస్తున్నాను.

అప్పట్లో మేం హోప్ టౌన్‌లో ఉండేవాళ్ళం. నాన్న రోజూ ఫెర్రీ ఎక్కి హార్బరు దాటి వర్క్‌షాపులో ఫిట్టరు పనికి వెళ్ళేవాడు. మామయ్య, అంటే మా అమ్మకు సొంత అన్నయ్య, మా ఇంటికి నాలుగిళ్ళ అవతల ఉండేవాడు. ఆయన జెట్టీలో సరుకు దింపించే మేస్త్రి. ఇద్దరూ శ్రీకాకుళం వైపు సముద్రం ఒడ్డునుంచి వచ్చినవాళ్ళే, కాని ఒక ఏటికి ఈ గట్టువాడొకడు, ఆ గట్టువాడొకడు. దీవులకు వచ్చి ఇరవై ఏళ్ళు కావస్తున్నా ఆ ఏటిని ఇద్దరూ వెంట తెచ్చుకున్నారు. ఒకరినొకరు బావా అనుకుంటూనే, ఒకే ఫెర్రీలో ఎదురెదురుగా కూర్చుని, ఒకరి ఊరివాళ్ళను ఒకరు ఆడిపోసుకునేవారు. అయినా మా బావకు, అంటే మామయ్య కొడుక్కి, నన్నివ్వాలన్న మాట నేను పుట్టినప్పటినుంచీ ఉన్నదే, దాన్ని ఎవరూ కదిలించలేదు.

మా నాన్నకు ఒక వింత అలవాటుండేది. విశాఖ ఓడ నెలకొకసారి వచ్చేది, అదీ సముద్రం ఒప్పుకుంటే. ఆ ఓడలో వంటవాడు మా దూరపు చుట్టం, నెల రోజుల తెలుగు పేపర్లు కట్టకట్టి తెచ్చి ఇచ్చేవాడు. అందరూ ముందు ఆఖరి పేపరు లాగి ఏమైందో చూస్తారు కదా, మా నాన్న అలా కాదు. తారీకుల వరసన పేర్చి ట్రంకుపెట్టెలో పెట్టి, తాళంచెవి మొలతాడుకు కట్టుకుని, పొద్దునే టీతో ఒక్కటంటే ఒక్క పేపరు తీసేవాడు. రేపటిదాన్ని దేవుడు దాచి ఉంచాడు, ముందుగా లాగడానికి మనమెవరం అనేవాడు. అందుచేత మా ఇంట్లో కాలం లోకం కంటే నెల వెనక నడిచేది. నాన్న పొద్దునే విశాఖలో తుఫాను వస్తోందని దిగులుపడేవాడు. అప్పటికి ఆ తుఫాను పోయి, లేచిపోయిన కప్పులు మళ్ళీ వేసుకుని జనం అందులో పెళ్ళిళ్ళు కూడా చేసేసుకుని ఉండేవారు. చదవడం అయిన పేపరు మడత చెడకుండా మామయ్య ఇంటికి వెళ్ళేది. తిట్టుకున్నా పేపరు మాత్రం ఆగేది కాదు.

ఆ ఏడాదే మా దీవులకు మొదటిసారి ఓటు వచ్చింది. అంతకుముందు మా తరఫున ఢిల్లీలో కూర్చునే మనిషిని పైవాళ్ళే నియమించేవారు. అందరం గుడికి వెళ్ళినట్టు ఉతికిన బట్టలు కట్టుకుని వరసలో నిలబడడానికి వెళ్ళాం, నాకింకా వయసు రాలేదని తెలిసి కూడా నేనూ వెళ్ళాను. జెట్టీలు, ఓడ చార్జీలు, భూముల పట్టాలు అని నాన్నా మామయ్యా ఫెర్రీలో నాలుగు మాటలు అనుకుని, ఇద్దరూ ఒకడికే ఓటు వేసి వచ్చారు. ఓటున్న సీటుకు ఇంత తిట్టు కూడా పుట్టలేదు. రగడంతా తమకు ఓటు లేని ఊరి సీటు గురించి. అక్కడ అసెంబ్లీకి ఏటి ఈ గట్టునుంచి ఒకడు నిచ్చెన గుర్తు మీద, ఆ గట్టునుంచి ఒకడు గొడుగు గుర్తు మీద నిలబడ్డారు. ఇద్దరిలో ఒక్కడైనా అండమాన్‌లో తన కోసం ఇద్దరు మనుషులు గొంతు చించుకుంటున్నారని ఎరగడు.

నాన్న నిచ్చెన, మామయ్య గొడుగు. ఇంక చూడండి. మా ఇంట్లో గొడుగు తెరవకూడదన్నాడు నాన్న. నడినెత్తిన ఎండలో అమ్మ చెంగు కప్పుకుని బజారుకు వెళ్ళవలసి వచ్చింది. మామయ్య తన నిచ్చెన విరగగొట్టి పొయ్యిలో పెట్టాడు. ఆ తర్వాత గాలికి ఆయన ఇంటి రేకు ఒకటి లేస్తే, దాన్ని బిగించడానికి ఎక్కే దారి లేక, అదే గాలి మళ్ళీ వచ్చి దించిపోతుందని కూర్చున్నాడు. సాయంత్రం ఫెర్రీలో వీళ్ళ కేకలు వినలేక దాన్ని నడిపే సరంగు ఇంజను పక్కనుంచి, "అరే భయ్యా, వోట్ ఇధర్ డాలా, ఝగడా ఉధర్ కా?" అని, ఓటు ఇక్కడ వేసి తగువు అక్కడిదేమిటని విసుక్కునేవాడు. వాళ్ళ తిట్ల జోరుకే ఫెర్రీ అవతలి ఒడ్డు చేరేదంటే మా ఆయన ఒప్పుకోరు, ఇంజను కూడా కొంచెం సాయం చేసేదంటారు.

ఇంతలో ఓడ వచ్చింది. పేపర్ల కట్టతో పాటు నా పెళ్ళికని చిన్నాన్న కూడా దిగాడు. ఆయన ఆ ఊళ్ళోనే ఉండే మనిషి, ఓటు వేసి, ఫలితం విని మరీ ఓడ ఎక్కాడు. నాన్న జెట్టీ మీదే ఆయన భుజం పట్టుకుని, నేను పేపర్లో చదివేదాకా నోరిప్పావంటే ఇదే ఓడలో తిరిగి ఎక్కిస్తానన్నాడు. ఢిల్లీ సంగతి హిందీ రేడియో ఎలాగూ చెప్పేసింది, చెప్పుకోనీ, మా ఊరి సంగతి మాత్రం నా పేపరే చెప్పాలి అని పంతం. పాపం చిన్నాన్న మా ఇంట్లో అన్నం, చేపలు, దోమలు తప్ప మరో మాట ఎత్తలేక కడుపుబ్బరంతో తిరిగాడు. ఆ దాచుకున్న మాట మొదటి సాయంత్రమే మామయ్య చెవిలో వేసేశాడని మాకు తర్వాత తెలిసింది. గొడుగు గెలిచింది.

మేం క్రైస్తవులం, హార్బరు అవతల ఉన్న మా చర్చిని గుడి అనే అంటాం. మా సంఘంలో పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు గుడిలో పిలుపు చదువుతారు. ఫలానావారి కుమారుడికి ఫలానావారి కుమార్తెకు వివాహం, అభ్యంతరం ఉన్నవారు తెలియజేయవచ్చునని అయ్యగారు చదవడం, అందరూ నవ్వుకుంటూ మావైపు చూడడం. రెండు పిలుపులు అయ్యాయి. మా బావకు ఉత్తరాన మాయాబందరులో ఉద్యోగం వచ్చింది, పెళ్ళి కాగానే ఆ వారం స్టీమరులో ఇద్దరం వెళ్ళాలి. ఎవరైనా అభ్యంతరమంటే పెద్దలు కూర్చోవాలి, విచారించాలి, అది ఎప్పటికి తేలుతుందో దేవుడికే తెలియాలి. బావ ఒక్కడే వెళ్ళిపోతాడు. అలా ఒంటరిగా వెళ్ళినవాడికి అక్కడే పిల్లనిచ్చి కట్టేసుకున్న సంగతులు మనం విన్నవే. నాకు బావంటే ఇష్టమని అప్పట్లో అమ్మకు కూడా చెప్పలేదు, ఇప్పుడు పేపరుకెక్కిస్తున్నాను.

మూడో పిలుపుకు ముందు శనివారం సాయంత్రం మామయ్య గొడుగు తెరుచుకుని ఫెర్రీ ఎక్కాడు. ఎండా లేదు, వానా లేదు. గెలుపు తెలిసి కూడా చెప్పకుండా దాచుకున్న మనిషి కదా, అది మొహం మీదికి పొంగిపోతోంది. నాన్నకు ఎదురుగా కూర్చుని నెమ్మదిగా, "ఆ నిచ్చెనకి సెదలట్టీసిందేటో ఓపాలి సూసుకో బావా" అన్నాడు. నాన్న ఆ నవ్వులో ఏదో చూశాడు. హోప్ టౌన్ జనమంతా వింటుండగా లేచి నిలబడి, "నా పిల్లని గొడుగు కిందకి పంపను. రేపు గుళ్ళో నేనే లేసి సెప్తాను" అన్నాడు. అంతమంది ఎదుట అన్న మాట మా నాన్న వెనక్కి తీసుకోవడం సూర్యుడు పడమర పొడవడంలాంటిది. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ తినలేదు, చిన్నాన్న ఒక్కడు తిన్నాడు.

మర్నాడు గుళ్ళో అయ్యగారు పిలుపు చదివి, అభ్యంతరం ఉన్నవారు అని ఆగారు. అంతకుముందు రెండుసార్లు ఆ ఆగడం ఎంతసేపో నేను గమనించలేదు. నాన్న చేతులు ముందు బెంచీ మీద ఆనించాడు. నడుము పైకి లేచింది. అప్పుడు వెనక బెంచీలోనుంచి మామయ్య ముందుకు వంగి అన్న మాట ఆడవాళ్ళ వరసలో ఉన్న నాకు కూడా వినబడింది.

"కూకో బావా. నీవోడే నెగ్గీసినాడు."

నాన్న సగం లేచినవాడు లేచినట్టే ఉండిపోయాడు. తనవాడు గెలిచాడన్న సంతోషమూ, పేపరుకంటే ముందు చెప్పి చెడగొట్టాడన్న మంటా ఒక్కసారే మొహం మీదకు వచ్చి, రెండూ ఒకదాన్నొకటి తోసుకుని, గొడుగే ఓడిపోయాక ఇంక అభ్యంతరమేముందని చివరికి కూర్చున్నాడు. అయ్యగారు తర్వాతి కీర్తనకు వెళ్ళిపోయారు. ఆ సాయంత్రం ఫెర్రీలో నాన్న గెలిచినవాడి ఠీవితో కూర్చున్నాడు, మామయ్య తల వంచుకుని, అవును బావా, మావోడు మునిగిపోయాడు అని వచ్చేపోయేవాళ్ళందరికీ చెప్పాడు. ఎవరో తెచ్చి ఇచ్చిన నిచ్చెన కూడా ఎక్కి రేకు బిగించుకున్నాడు. అంత పగవాడు అంత నిండు అబద్ధం అంత చక్కగా ఆడడం నేను మళ్ళీ చూడలేదు.

బుధవారం పొద్దున ట్రంకుపెట్టెలోనుంచి ఆ తారీకు పేపరు బయటికి వచ్చింది. మర్నాడే పెళ్ళి. టీ చల్లారిపోయింది. నాన్న ఒకసారి చదివాడు, మళ్ళీ చదివాడు. చిన్నాన్న మెల్లిగా పెరట్లోకి జారుకున్నాడు. అమ్మ గడపలో నిలబడింది. పెళ్ళి ఆపేస్తాడనే అనుకున్నాం, నేను తలుపు వెనక పసుపు రంగు చీర ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. నాన్న పేపరు మడిచి, "మీ అన్న నాకు ముష్టేసినాడే" అన్నాడు అమ్మతో. ఆ ఒక్క మాటే. చొక్కా వేసుకుని ఫెర్రీకి వెళ్ళిపోయాడు.

సాయంత్రం అబర్డీన్ బజారునుంచి కొత్త నల్ల గొడుగు పట్టుకుని వచ్చాడు.

పెళ్ళినాడు ఆకాశంలో మబ్బుతునక లేదు. జెట్టీలో దిగి గుడిదాకా నాన్న ఆ గొడుగు తెరుచుకుని నడిచాడు. పిల్లని గొడుగు కిందకి పంపనన్నాడు కనుక, తన నెత్తి మీద మాత్రమే పట్టుకున్నాడు. నేను పక్కన ఎండలో, చెమటకు మొహం మీది పౌడరు కారిపోతూ నడిచాను. దారిపొడుగునా పెళ్ళికి వచ్చిన హోప్ టౌన్ జనం చూస్తున్నారు. ఓడిపోయానని అంతకంటే గట్టిగా చెప్పే దారి మా నాన్నకు తెలియదు. గుడి వాకిట్లో మామయ్య నిలబడి ఉన్నాడు, గొడుగు చూడగానే ఆయన మొహం వాడిపోయింది. నాన్న గొడుగు ముడిచి ఆయన చేతిలో పెట్టాడు.

"బాకీ సెల్లు బావా" అన్నాడు.

ఆ తర్వాత వాళ్ళిద్దరూ మాట్లాడుకోలేదు. ఓడిస్తే నాన్న ఓర్చుకునేవాడు, గెలుపు దానం చేస్తే ఓర్చుకోలేకపోయాడు. నేను మాయాబందరునుంచి వచ్చినప్పుడల్లా చదివిన పేపర్లు పుట్టింటినుంచి అత్తింటికి మోశాను, అవి మాత్రం ఆగలేదు. ఆ బుధవారం నాటి పేపరు ఒక్కటి ఎప్పుడూ ఆ ఇంటికి వెళ్ళలేదు. మామయ్య ఆ గొడుగును దూలానికి తగిలించాడు, మా దీవుల వానలు మీకు తెలిసినవే, ఎంత వానలోనూ దాన్ని తెరవలేదు. ఒకరి తర్వాత ఒకరు, మాట కలపకుండానే పోయారు.

ఇప్పుడు పేపరు పొద్దున విమానంలోనే దిగుతుంది. మా అబ్బాయి దాన్ని విప్పడు కూడా, అందులో ఉన్నదంతా రాత్రే తెలిసిపోయి ఉంటుంది. ఫలితం అందరికీ ఒక్క క్షణంలోనే తెలుస్తుంది, కక్షలు కూడా సాయంత్రానికి ఆరిపోతాయి, మర్నాడు ఎవరి మీద కోపమో కూడా గుర్తుండదు. మంచిదే కావచ్చు. కాని ఆ రోజు గుళ్ళో మామయ్య చేసినట్టు, ఇప్పుడు ఎవరైనా తన పగవాడికి ఒక ఆదివారంనుంచి బుధవారందాకా గెలుపు ఇవ్వాలనుకుంటే, ఎక్కడినుంచి తెచ్చి ఇస్తాడు?